ఉమ్మడి పద్దులో మన గడి

2022వ సంవత్సరము జూలై మాసమున గోదావరి పొంగినప్పుడు భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినది. దవళేశ్వరము ఆనకట్టనుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పరుగెత్తినది. కోనసీమ లంకగ్రామములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. 1986 ఆగస్టు వరదను చూచిన వృద్ధులు ఈ వరదను ఆ వరదతో పోల్చుకొనిరి. నీరు తీసిన పిమ్మట రైతు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటియే: నాటిన చేను బ్రతికినదా? ఈ ప్రశ్నకు నేడు లోకములో ఒక సమాధానము కలదు. అందులో సగము మన పశ్చిమ గోదావరిలోని మార్టేరున పుట్టినది. తక్కిన సగము ఒడిశా రైతుల పొలమున పుట్టినది. ఆ రెండును కలిసిన చోటు మాత్రము ఫిలిప్పైను దీవులలోని లాస్ బానోస్. ఈ కలయిక ఎట్లు జరిగెనో విచారించినచో, నేటివరకు శాస్త్రజ్ఞుల గోష్ఠులకే పరిమితమైయున్న ఒక విషయము మనకెంత సన్నిహితమో తెలియగలదు. ఆ విషయమేమనగా, జీవశాస్త్ర సమాచారమును ఒక దేశమునుండి మరియొక దేశమునకు, ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు అందించుకొనుటకు కావలసిన ఉమ్మడి ఫారము.

1925లో స్థాపితమైన మార్టేరు వరి పరిశోధనా స్థానము 1982లో ఎం.టి.యు. 7029 అను వంగడమును విడుదల చేసెను. దాని పేరు స్వర్ణ. ఎం.టి.యు. అనునది మార్టేరు పేరునకు సంక్షేపము. వశిష్ఠ, మసూరి యను రెండు రకముల సంకరమువలన జన్మించిన ఈ వరి గోదావరి గట్లు దాటి ఒడిశా, బెంగాలు, బీహారు, ఉత్తర ప్రదేశములకును, బంగ్లాదేశమునకును వ్యాపించినది. దిగుబడికి మేలైనదే గాని నిండమునకను చిరకాలము ఓర్వజాలదు. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను పాత వరి దిగుబడికి చాలదు. కాని రెండు వారములు నీట మునిగియుండియు, నీరు తీయగానే మరల చిగురించును. ఆ ఓర్పునకు కారణమైన జన్యువును 2006లో గుర్తించి సబ్1ఎ యని పేరిడిరి. నీట మునిగిన మొక్క గాలికై ఆత్రపడి పొడుగు సాగి, తనలోని పిండిపదార్థమును తగులబెట్టుకొనకుండ ఈ జన్యువు దానిని నిశ్చలముగా నుంచును. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ఈ జన్యువును స్వర్ణలోనికి తెచ్చిరి. ఆ క్రొత్త వంగడము 2009లో మన దేశమున విడుదలయ్యెను.

ఇక పేర్ల సంగతి చూడుడు. మనకది స్వర్ణ-సబ్1. 2010లో బంగ్లాదేశమున విడుదలైనప్పుడు బ్రి ధాన్ 51. పుట్టినింటి పుస్తకములలో దానికొక సంకర సంఖ్య. విత్తనమొకటి, పేర్లు మూడు. ఢాకాలో ఒకరు, కటకములో ఒకరు, మార్టేరులో ఒకరు దీనిని నాటి, వరదకు ఎంత నిలిచినదో వ్రాసికొన్నారనుకొందము. ఈ మూడు వ్రాతలును ఒకే వస్తువును గూర్చినవని ఎవరైన చెప్పినగాని కంప్యూటరునకు తెలియదు. చెప్పుటకొక పద్ధతి యుండవలెను. ఆ పద్ధతియే ఉమ్మడి ఫారము.

పుట్టి, మానిక, అడంగలు

కొలతలు ఊరూరికి మారినప్పుడు కలుగు చిక్కు మన పూర్వులకు క్రొత్తది కాదు. ఒక సీమ పుట్టి మరియొక సీమ పుట్టికి సరిపోదు. ఇచ్చటి మానిక అచ్చటి మానిక కాదు. ఒప్పందమునకు ముందే "ఎవరి కొలత?" యని అడిగి తీరవలెను. అడుగుట మరచినవాడు నష్టపోయెను. కొలమానము తన చేతిలో నుంచుకొన్నవాడు బాగుపడెను. స్వాతంత్ర్యానంతరము 1956లో తూనికలు కొలతల ప్రమాణములకు శాసనము చేసి దేశమంతటికి ఒకే మానము నేర్పరచుకొంటిమి. దానివలన మన సంతలు పరాధీనము కాలేదు. దళారి చేతినుండి ఒక ఆయుధము జారిపోయినది.

కొలత యొక్కటే చాలదు. వ్రాసికొనుట కూడ ఒక్క తీరుననే జరుగవలెను. అందుకు మన గ్రామములలోని అడంగలు మంచి దృష్టాంతము. ఏ గ్రామపు అడంగలైనను గడులవియే: సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, పంట, నీటి ఆధారము. కాకినాడలో కూర్చున్న అధికారి కొత్తపేట లెక్కను, తణుకు లెక్కను ప్రక్కప్రక్కన నుంచి కూడగలుగుటకు కారణము ఆ గడుల సామ్యమే గాని వేరొకటి కాదు.

మన ముద్రణాలయములవారికి ఈ బాధ మరింత దగ్గరగా తెలియును. కంప్యూటరు అక్షరములు వచ్చిన తొలినాళ్లలో ఒక్కొక్క తెలుగు ఫాంటు తనదైన సంకేతక్రమముతో నుండెడిది. ఒక యంత్రముపై ముత్యములవలె కూర్చిన వ్యాసము మరియొక యంత్రముపై తెరచినంతనే పిచ్చిగీతలగుచుండెను. వ్రాత పోలేదు, చదువు తాళపుచెవి మాత్రము పోయినది. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణమున తెలుగు లిపికి చోటు లభించినది. దానిని క్రమముగా అందరును స్వీకరించిన పిమ్మట గాని తెలుగు వాక్యము ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు నిర్భయముగా ప్రయాణము చేయలేకపోయినది. జన్యువులకును, మాంసకృత్తులకును, చేపలకును, పక్షులకును, విత్తనములకును ఇట్టి ఏర్పాటే కావలసియున్నది.

ఉమ్మడి ఫారము సాధించినది

మాంసకృత్తుల ఆకారమును నమోదు చేయుటకు 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ప్రొటీన్ డేటా బ్యాంకు నెలకొల్పబడినది. ఆనాడు దానియందున్న ఆకారములు ఏడు మాత్రమే. ఆ కాలపు రంధ్రముల కార్డులో ఎనుబది గడులుండెడివి గనుక, దాని ఫారములోని పంక్తికి కూడ ఎనుబది అక్షరములే హద్దయ్యెను. నేడు అందు రెండు లక్షలకు పైగా ఆకారములు కలవు. పెద్ద ఆకారములకు పాత పంక్తి చాలక, 2014లో మరింత విశాలమైన ఫారమును ముఖ్యప్రమాణముగా గైకొనిరి. ఇన్ని దేశములవారు ఇన్ని యేండ్లు ఒకే పద్ధతిని వ్రాసి యుంచిరి గనుకనే, ఆ రాశినంతను చదివి, తెలియని మాంసకృత్తుల ఆకారమును ఊహించు కంప్యూటరు విద్య సాధ్యమైనది. 2024లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానములో సగము ఆ విద్యకు లభించినది. బహుమానము పొందినవారి ప్రజ్ఞను తక్కువ చేయనక్కరలేదు. కాని పేరులేని వేలమంది గుమాస్తాల వలె శ్రద్ధగా గడులు నింపిన పరిశోధకులు లేనిచో ఆ ప్రజ్ఞకు మేత యెక్కడిది?

జన్యుక్రమముల చరిత్రయు ఇట్టిదే. అమెరికా, ఐరోపా, జపాను దేశముల మూడు భాండాగారములు ఒకే వివరపట్టికను అంగీకరించి, ఒకరికి చేరినది మిగిలిన ఇద్దరికిని ప్రతిదినము అందునట్లు ఏర్పాటు చేసికొన్నవి. 1980 దశకమున పుట్టిన ఫాస్టా అను ఫారము ఎంత సరళమన, మొదటి పంక్తిలో ఒక బాణపుములికి వంటి గుర్తు, దాని ప్రక్క పేరు. క్రింది పంక్తులలో జన్యుక్రమపు అక్షరములు. అంతియే. బడిపిల్లవాడైనను గుర్తింపగల ఈ ఫారము నేటికిని చెలామణిలో నున్నది. 2020 జనవరిలో కరోనా వైరసు జన్యుక్రమము ప్రకటింపబడిన కొలది దినములలోనే టీకాల రూపకల్పన ఆరంభమయ్యెను. వైరసు సీసా దేశము దాటకముందే దాని వ్రాత దేశములు దాటినది, దాటినచోటనెల్ల చదువబడినది.

ఈ ఉమ్మడి ప్రమాణముల సృష్టి పరదేశీయుల సొత్తని మనము చిన్నబుచ్చుకొన నక్కరలేదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కెతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఆ ఇద్దరి పేర్లతోనే ప్రపంచమందలి ప్రయోగశాలలు దానిని వాడినవి. ఒక ఊరి ప్రయోగశాల చెప్పిన అంకెను మరియొక ఊరివారు నమ్మగలిగినది అట్టి ఉమ్మడి పద్ధతుల చలువ. మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్ 1963లో ప్రకటించిన పటము ఈనాటికిని ప్రొటీన్ డేటా బ్యాంకులో చేరు ఆకారముల తప్పొప్పులను పరీక్షించు గీటురాళ్లలో నొకటి. కావున ప్రమాణములను చేయు పంక్తిలో మనవారు కూర్చుండియే యున్నారు. కూర్చున్నవారు వ్యక్తులు, జాతిగా, సంస్థలుగా మనము కూర్చుంటిమా యనునదే ప్రశ్న.

చిన్న పొరపాటు, పెద్ద చేటు

ఫారము పొసగనిచో కలుగు నష్టము ఎట్లుండునో ఒకటి రెండు ఉదాహరణలు చాలును. మానవ జన్యువులలో కొన్నింటికి మార్చ్1, సెప్ట్2 అని పేర్లుండెడివి. లెక్కల పట్టికలు వేయు ఎక్సెల్ అను సాధనము వానిని చూచి మార్చి ఒకటవ తేదీ, సెప్టెంబరు రెండవ తేదీ యనుకొని, అడుగకయే మార్చివేయుచుండెను. 2016లో జరిగిన ఒక పరిశీలనయందు, ఎక్సెల్ పట్టికలతో జన్యువుల జాబితాలు జతపరచిన వ్యాసములలో సుమారు ఐదింట నొకటి ఇట్టి తప్పుతో నున్నట్లు తేలినది. యంత్రమును మార్చలేక తుదకు 2020లో జన్యువుల పేర్లనే మార్చుకొనిరి.

వరి సంగతి మనకింకను సమీపము. తెగుళ్లను, మునకను ఓర్చు శక్తిని కొలుచుటకు అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచురించిన కొలబద్దలో అంకె పెరిగినకొలది మొక్క దుర్బలమని అర్థము; 1 మేలు, 9 కీడు. వంగడముల గుర్తింపునకై ఇతర పంటలలో వాడుకలోనున్న కొన్ని కొలబద్దలలో 9 యే అధిక శక్తికి గుర్తు. ఏ కొలబద్ద వాడితినో చెప్పక, "తొమ్మిది" యని మాత్రము వ్రాసి పంపినవాని పట్టికను నమ్మి, చచ్చు విత్తనమును మేలుజాతిగా ఎంచవచ్చును, మేలుజాతిని పారవేయవచ్చును. ఒక ఋతువు పోయినచో శాస్త్రజ్ఞునకు వ్యాసమే పోవును. రైతునకు సంవత్సరము పోవును.

వరి జన్యుక్రమమును పది దేశములు కూడి పూర్తిచేసి 2005లో ప్రకటించినవి. పదునొకండవ క్రోమోజోములో భాగము మన దేశమువారు చదివిరి. ఇంత కూడి చదివిన గ్రంథమునకు కూడ రెండు సూచికలు పుట్టినవి: జపానులో నొకటి, అమెరికాలో నొకటి. ఒకే జన్యువునకు రెండు సంఖ్యలు. ఇప్పటికిని పరిశోధకుడు ఒక సంఖ్యను రెండవదానిలోనికి మార్చుకొనుటకు పట్టికను ప్రక్కన నుంచుకొనవలసివచ్చుచున్నది.

గడి లేని వస్తువు

ఇంతవరకు చెప్పినది ఉమ్మడి ఫారము కావలెనని. ఇది ఎవరును కాదనరు. అసలు ప్రశ్న దీని తరువాతిది: ఆ ఫారములో గడులు గీయువారెవరు? ఏలయనగా, ఫారము అడిగినదే లోకమునకు కనబడును. అడుగనిది ఉండియు లేనట్లే.

వరికే మరల వత్తము. పైని చెప్పిన పది దేశముల వారు ప్రామాణికముగా గైకొని చదివిన వరి నిప్పన్‌బరె యను జపాను రకము. మునకను ఓర్పించు సబ్1ఎ జన్యువు దానియందు లేనేలేదు! జపాను రైతునకు పదునైదు దినముల వరద అంతగా ఎదురుకాలేదు గాబోలు. అతని విత్తనమున ఆ అస్త్రము లేదు. ఆ ఒక్క గ్రంథమునే వరికి వేదముగా భావించి, మిగిలిన విత్తనములను దానితోనే సరిచూచుచు పోయినచో, ఒడిశా, గోదావరి రైతులకు ప్రాణాధారమైన ఆ జన్యువు "లేనిది" గానే యుండిపోయెడిది. దానిని కనుగొనుటకు శాస్త్రజ్ఞులు ఆ గ్రంథమును ప్రక్కకు పెట్టి, పాత విత్తనమునే స్వయముగా చదువవలసివచ్చినది. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. తనకు తెలిసినదానినే లోకమునకు కొలబద్దగా చేయుట మనుష్యస్వభావము. దానికి విరుగుడు, కొలబద్ద చేయుచోట ఇతరులు కూడ నుండుట.

మన పులసనే తీసికొనుడు. సముద్రములో నున్నంతకాలము దానిని విలస యందురు, వలస యందురు, ఇలస యందురు. వరదనీరు రాగానే గ్రుడ్లు పెట్టుటకై ఎదురీది గోదావరిలో ప్రవేశించినది పులస. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత పుట్టినది దానికే గాని సముద్రపు చేపకు కాదు. శాస్త్రపు ఫారములో రెండింటికిని టెన్యులోసా ఇలీషా యనునది యొక్కటే పేరు. అది సరియైనదే, బెంగాలువారి ఇలిశ్ తోడి బంధుత్వము ఆ పేరువలననే తెలియును. కాని పులస యన్నప్పుడు మన బెస్తవాడు ఋతువును చెప్పినాడు, నీటి స్వభావమును చెప్పినాడు, చేప వయస్సును, ప్రయాణమును చెప్పినాడు. ఒక్క శాస్త్రనామముతో ఫారము ముగించినచో ఈ జ్ఞానమంతయు గంగపాలు. అదృష్టవశమున, జీవజాతుల నమోదునకై 2009లో ప్రమాణముగా అంగీకరింపబడిన డార్విన్ కోర్ అను ఫారమున స్థానిక నామమునకు గడి కలదు. దొరికిన చోటునకు, తేదీకి, నమోదు చేసినవాని పేరునకు గడులు కలవు.

అయితే గడి యుండుట యొకటి, నింపుట మరియొకటి. అడంగలులో పట్టాదారునకే గాక అనుభవదారునకును గడి కలదు. కాని గోదావరి మండలములలో భూమి దున్ను కౌలుదారులలో ఎందరి పేర్లు అందెక్కినవి? పేరెక్కనివానికి బ్యాంకు అప్పు పుట్టదు. వరదలో పంట పోయినప్పుడు పరిహారము చేరదు. వాని చెమట పొలములో నున్నది, వాని పేరు పద్దులో లేదు. జీవసమాచారపు పద్దులలోను ఇట్టి కౌలుదారులు కలరు. విత్తనమును తరతరములుగా కాపాడినవారు, ఆకు గుణము చెప్పినవారు, చేప జాడ చూపినవారు. వీరి ఊరి పేరు వ్రాయవలసిన గడి ఖాళీగా నున్నచో, వారు సాగుచేసిన జ్ఞానమునకు పట్టాదారు వేరొకడగును.

అడిగినచో గడి రాదా యనిన, వచ్చును. యూనికోడులో తెలుగు ఓనమాలకు 1991లోనే చోటు దొరికినను, మన నోట పలుకు ౘ, ౙ అను దంత్యాక్షరములకు 2008 వరకు చోటు లేదు. కావలెనని అడిగి, కారణములు చూపిన పిమ్మట అవి చేరినవి. కొట్లాట జరుగలేదు, అర్జీ జరిగినది, చర్చ జరిగినది. ప్రమాణములు బ్రహ్మలిఖితములు కావు.

రెండు వాదములు

ఈ విషయమున దేశములో రెండు వాదములు వినవచ్చుచున్నవి. మొదటిది: "మన విత్తనముల, మన వనమూలికల, మన జనుల జన్యుసమాచారమును పరదేశీయుల ఫారములలో ఎక్కించి వారి ముంగిట పోయనేల? దాచుకొందము" అనునది. ఈ వాదమునకు మూలమైన వేదన న్యాయమైనది. మన వేపను, పసుపును, బాసుమతిని తమవిగా చెప్పుకొనజూచినవారి కథలు మనము మరువలేదు. కాని దాచుటచేత ఆ దోపిడి ఆగినదా? పసుపు కథనే స్మరింపుడు. 1995లో అమెరికాలో గాయములు మాన్పుటకు పసుపు వాడుటపై పేటెంటు ఇచ్చిరి. మన యింట ఏ అవ్వకు తెలియని సంగతియిది? అయినను అవ్వ మాట అచ్చటి కార్యాలయమున సాక్ష్యము కాలేదు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, సంస్కృత గ్రంథములను, 1953లో మన వైద్య పత్రికలో అచ్చైన వ్యాసమును సాక్ష్యముగా చూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయినది. పిమ్మట మన ఆయుర్వేదాది గ్రంథములలోని యోగములను వర్గీకరించి, ఐదు అంతర్జాతీయ భాషలలో పేటెంటు పరీక్షకులు చదువగల తీరున అమర్చి ఒక భాండాగారమును ప్రభుత్వము నిర్మించినది. ఇందలి నీతి స్పష్టము. మనలను రక్షించినది రహస్యము కాదు. ఎదుటివాడు చదువక తప్పని పద్ధతిలో నున్న వ్రాత.

రెండవ వాదము: "ఫారములు వారు చేసిరి, బాగుగనే యున్నవి, నింపి పంపుదము, మిగిలినది రాజకీయము" అనునది. ఇది వినుటకు వివేకమువలె నుండును. నిజమునకు ఇది గుమాస్తా వివేకము. పరుల కచేరీలో లెక్క తప్పకుండ వ్రాసి, లెక్క దేనికో అడుగని గుమాస్తాతనమును మన దేశము నూరేండ్లకు పైగా చేసినది. జీవసమాచారము నేడు ఔషధముల కంపెనీలకు, విత్తనముల కంపెనీలకు ముడిసరకు. ముడిసరకు మనదై, ముద్ర వారిదైన వ్యాపారమెట్టిదో ప్రత్తికి, నూలుబట్టకు పట్టిన గతివలన మనము నేర్చుకొనియే యున్నాము.

ఈ రెండింటి నడుమ మార్గము కలదు. దానిని తెరచినది కూడ ఫారములోని ఒక గడియే. 2024 నవంబరులో కొలంబియా దేశమందలి కాలి నగరమున జీవవైవిధ్య ఒడంబడికలోని దేశములు సమావేశమై, జన్యుక్రమములను వాడుకొని లాభపడు పెద్ద కంపెనీలు తమ లాభములో నూటికొకటి గాని, రాబడిలో వేయింటికొకటి గాని ఒక నిధికి చెల్లింపవలెనని సూచించినవి. ఆ నిధిలో కనీసము సగము ఆదివాసులకును, స్థానిక సమాజములకును చేరవలెనని కోరినవి. చెల్లింపు నిర్బంధము కాదు. ఆ లోపమును దాచనక్కరలేదు. కాని ఒకనాడు ఆ సొమ్ము నిజముగా ప్రవహించినప్పుడు, ఏ ఊరి జీవసంపదవలన ఈ లాభము కలిగినదని అడిగినచో సమాధానమేది? మూడు భాండాగారములలోను క్రొత్తగా చేరు జన్యుక్రమములకు సేకరించిన దేశము, తేదీ తెలుపుట 2023 నుండి విధిగా నియమింపబడినది. దేశమువరకు సరే. దేశము పేరు వ్రాసినంతనే కోరంగి మడ అడవి పేరు, కొల్లేటి పేరు, లంకగ్రామపు పేరు వ్రాసినట్లు కాదు. ఆ గడి నింపవలసినవారము మనమే.

కర్తవ్యము

కేంద్ర ప్రభుత్వము 2022లో ఫరీదాబాదున భారతీయ జీవసమాచార కేంద్రమును ప్రారంభించినది. పదివేలమంది భారతీయుల జన్యుక్రమములు అచ్చట భద్రపరుపబడినవి. ఇది మంచి ఆరంభము. కాని భాండాగారము కట్టుట గోడల పని. ఫారములు నిర్ణయించు అంతర్జాతీయ సంఘములలో మన శాస్త్రజ్ఞులను శాశ్వతముగా కూర్చుండబెట్టుట బుద్ధి పని. ప్రమాణముల పనికి పేరు రాదు, బిరుదులు రావు, వ్యాసముల సంఖ్య పెరుగదు. అందుచే మన విశ్వవిద్యాలయములలో యువకులు దానిజోలికి పోరు. ఆ పనిని కూడ పరిశోధనగా లెక్కించి, దానిచే ఉద్యోగోన్నతి కలుగునట్లు నియమించినగాని ఈ కొరత తీరదు.

మండలములలో చేయవలసినది మరింత సులభము. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య శాసనము ప్రకారము ప్రతి పంచాయతీలోను ఒక జీవవైవిధ్య కమిటీ యుండవలెను; అది ప్రజల జీవవైవిధ్య పుస్తకమును వ్రాయవలెను. ఆ పుస్తకములు 2020 జనవరి నెలాఖరునకు పూర్తి కావలెనని హరిత న్యాయస్థానము గడువు విధించినది. గడువు తరుముచుండగా నింపిన పుస్తకమునకును, ఊరి పెద్దలను, బెస్తలను, నారు పోయు స్త్రీలను కూర్చుండబెట్టుకొని వ్రాసిన పుస్తకమునకును గల భేదమును పాఠకులే ఊహించుకొనగలరు. ప్రతి ఊరి పుస్తకమును మరల తెరువవలెను. అందు తెలుగు పేరు, ఊరి పేరు, ఋతువు, చెప్పినవారి యనుమతితో వారి పేరు, ఆ మాట నెవరెవరు చూడవచ్చునను నియమము వ్రాయవలెను. అట్లు వ్రాసినదానిని డార్విన్ కోర్ వంటి ఉమ్మడి ఫారములోనికి పొసగునట్లు అమర్చవలెను. చెప్పగూడని సంగతి చెప్పనక్కరలేదు. ఉమ్మడి ఫారమనగా తలుపులన్నియు తెరచుట కాదు. ఏ తలుపు తెరచినది, ఏది మూసినది, తాళము ఎవరివద్ద నున్నది వ్రాసియుంచుట కూడ ఫారములోని పనియే.

రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము కళాశాలలలో జీవశాస్త్రము చదువు విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామపు పుస్తకమును చేపట్టినచో, ఒక సంవత్సరములో డెల్టా స్వరూపమే పద్దులోనికి రాగలదు. రొయ్యల చెరువుల తెగుళ్లకును ఇదియే న్యాయము. ఒక పరీక్షాశాల చీటీలో చెరువు జాడ లేక, మరియొకదానిలో తేదీ లేక, వేరొకదానిలో తెగులు పేరు సంక్షేపమై యున్నచో, వ్యాధి ఏ కాలువవెంట వచ్చుచున్నదో ఎవరు చెప్పగలరు? ఒకే తీరున వ్రాసిన చీటీలను ఒకచోట పేర్చినచో అవియే దారి చూపును.

మార్టేరు వంటి పరిశోధనా స్థానములకును మా మనవి యొకటి. ఆ స్థానము పాత పుస్తకములలో, ఏ విత్తనము ఏ చేనిలో ఏ నీటికి నిలిచినదో, దేనికి చచ్చినదో వ్రాతలుండును. విడుదలైన వంగడముల పేర్లు లోకమునకు తెలియును. విడుదల కాని వేల సంకరముల గుణదోషములు ఆ పుస్తకములకే తెలియును. రేపటి వరదకు, రేపటి ఉప్పునీటికి సమాధానము వానిలో నేది దాగియున్నదో ఎవరెరుగుదురు? విత్తనములకు ఎన్నటికిని మారని గుర్తింపు సంఖ్యల నిచ్చు ఏర్పాటు అంతర్జాతీయ విత్తన ఒడంబడిక క్రింద 2017 నుండి కలదు. ఆ సంఖ్య ప్రక్కన మార్టేరు పేరు చెక్కియుంచినచో, ఆ విత్తనము ఏ దేశమున ఏ పేరు పెట్టుకొన్నను తన పుట్టినిల్లు మరువదు.

రాజమహేంద్రవరమున కూర్చుండి భారతమును తెనుగు చేసిన నన్నయకు వాగనుశాసనుడని పేరు. ఆయన శాసించినది సంస్కృతమును విడనాడి కాదు, తెలుగును విడనాడి కాదు; రెండింటికిని చోటు గల కట్టుబాటు చేసి. నేటి జీవశాస్త్రమున మనకు కావలసినది అట్టి కట్టుబాటే. లోకమంతయు చదువగల ఫారము; అందు గోదావరి తన పేరుతో తాను కనబడు గడి. అట్టి గడి లేనిచోట అడిగి గీయించుట మన శాస్త్రజ్ఞుల విధి. గీసియున్నచోట దానిని ఖాళీగా విడువకుండుట మనందరి విధి. రానున్న వరదకు ముందే ఈ పని ఆరంభింతుము గాక!